వకీలు సరిగ్గా వాదించలేదని అప్పీల్లో శిక్ష తగ్గించమని అడగొచ్చా?

అడగొచ్చు, కానీ ఆ ఒక్క మాటతో శిక్ష తగ్గదు, ఆయన లోపం వల్ల విచారణే న్యాయంగా జరగలేదని చూపించాలి. రాజ్యాంగం 21, 22 అధికరణాలు ఇచ్చే లాయర్ సాయం అంటే పేరుకి ఒకరు పక్కన నిలబడటం కాదు, కేసు చదువుకునే టైమ్ కూడా అందులో భాగమే. మధ్యప్రదేశ్‌లో ఒక కేసులో అభియోగాలు మోపిన రోజే ఉచిత లాయర్‌ని పెట్టి, రెండు వారాల్లోపే ఉరిశిక్ష దాకా తీసుకెళ్తే, అంత తొందర చాలా అన్యాయం, 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసి విచారణ మళ్లీ మొదలుపెట్టమంది.

బెంగళూరు సెషన్స్ కోర్టులో శిక్ష పడి కర్ణాటక హైకోర్టుకి వెళ్లే మన తెలుగువాళ్లు చాలామంది లాయర్‌ని మార్చి, పాతాయన చేతకానివాడంటే సాక్షుల్ని మళ్లీ పిలుస్తారనుకుంటారు. పిలవరు. ముఖ్యమైన సాక్షిని ఒక్క ప్రశ్నయినా అడగలేదనో, శిక్ష ఖరారు చేసే రోజు కుటుంబ పరిస్థితి, ఆరోగ్యం గురించి ఏమీ చెప్పలేదనో రికార్డులో కనిపించాలి.