ల్యాబ్ మానేసి వీఎల్‌ఎస్‌ఐ కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్ శివార్లలో, జేఎన్టీయూ అనుబంధ కాలేజీలో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ర్యాంకుకు సీఎస్‌ఈ సీటు రాలేదు. ఎలక్ట్రానిక్ సర్క్యూట్స్ ల్యాబ్‌లో సార్ చాలా స్ట్రిక్ట్ అట. అబ్జర్వేషన్ బుక్కు రాసుకురాలేదని రెండుసార్లు లోపలికి రానివ్వలేదు. దాంతో మిగతా క్లాసులకూ సరిగ్గా వెళ్లడం లేదు. సెమిస్టర్ సగమయ్యేసరికి అటెండెన్స్ 68 శాతం ఉంది. మెడికల్ సర్టిఫికెట్ పెడితే సరిపోతుందా? ల్యాబ్ రికార్డు డబ్బులిచ్చి బయట రాయించుకోవచ్చని స్నేహితులు చెబుతున్నారట. అసలు ఈ ల్యాబులు ఉద్యోగానికి పనికొస్తాయా? అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సు 1,20,000, ఫుల్‌స్టాక్ (వెబ్ సాఫ్ట్‌వేర్) 40,000 అంటున్నారు. ఈ వారంలో కడితే తగ్గింపు కూడా ఉందట. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పగలరు.
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: అబ్బాయి చదివే బ్రాంచి పేరు రాసిన వెంటనే సీఎస్‌ఈ సీటు రాలేదని రాశారు. అది నేను అడగని వివరం. ఏడాదిన్నర దాటినా మీ మనసులోంచి ఆ మాట పోలేదన్నమాట. ఈసీఈ పిల్లల తల్లిదండ్రుల దగ్గర నేను తరచుగా వినే మాటే ఇది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మీవాడి దారి ఎక్కడా మూసుకుపోలేదు. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి కంపెనీలు క్యాంపస్‌కు వచ్చినప్పుడు ఈసీఈ పిల్లల్నీ పరీక్షకు కూర్చోనిస్తాయి. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాలనుకుంటే ఈసీఈ డిగ్రీ అడ్డం కాదు. చిప్ డిజైన్‌కు వెళ్లాలంటే ఈసీఈయే దగ్గరి దారి. ఈసీఐఎల్, బీఈఎల్, డీఆర్‌డీవో లాంటి ప్రభుత్వ సంస్థల్లో ఎలక్ట్రానిక్స్ పోస్టులకు పోటీపడే అవకాశం మీవాడికి ఉంటుంది, సీఎస్‌ఈ చదివే పక్కింటి అబ్బాయికి చాలావరకు ఉండదు. కానీ వీటన్నిటికీ ముందు డిగ్రీ సకాలంలో చేతికి రావాలి. ప్రస్తుతం ప్రమాదం ఉన్నది అక్కడే.

లెక్క చూడండి. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరుండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, అడగొచ్చు. 65 కంటే తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు, డిటెయిన్ చేస్తారు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ల్యాబ్ ఒక్కసారి ఎగ్గొడితే రెండు మూడు పీరియడ్లు ఒకేసారి పోతాయి. అందుకే అంకె ఇంత త్వరగా పడింది. అయితే మీరే రాశారు, సెమిస్టర్ సగమే అయిందని. మిగిలిన సగం ఒక్క క్లాసూ మానకుండా వెళితే 68 కాస్తా 84 దగ్గరికి చేరుతుంది. మధ్యలో నాలుగు రోజులు జ్వరమొచ్చినా 75 దాటుతుంది. మెడికల్ సర్టిఫికెట్‌తో పనే లేదు.

ఆ సర్టిఫికెట్ గురించి మాత్రం ఒక మాట అనక తప్పదు, నొచ్చుకోకండి. మీవాడికి జబ్బు చేసిందని మీరెక్కడా రాయలేదు. లేని జ్వరానికి కాగితం సంపాదించి ఇస్తే, కష్టమొచ్చినప్పుడల్లా నాన్న ఏదో ఒక కాగితం తెస్తాడని వాడు నేర్చుకుంటాడు. రికార్డు బయట రాయించడమూ అలాంటిదే. పోనీ, పట్టుబడరనే అనుకుందాం. జేఎన్టీయూ ఆర్22 నియమాల్లో ల్యాబుకు 40 ఇంటర్నల్ మార్కులు, 60 ఎక్స్‌టర్నల్. ఎక్స్‌టర్నల్ రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ రికార్డు తిరగేసి, ఒక గ్రాఫు మీద వేలు పెట్టి, ‘బ్యాండ్‌విడ్త్ ఎక్కడినుంచి ఎక్కడికి తీశావు బాబూ?’ అంటాడు. తను గీయని గ్రాఫు గురించి వాడేం చెబుతాడు? మీరు తండ్రిగా అడగాల్సింది ‘ఒకసారి బయట నిలబెట్టాక రెండోసారి కూడా ఎందుకు రాసుకెళ్లలేదురా?’ అని. ఆ ప్రశ్న వాణ్ని అడిగినట్టు మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

ఇప్పుడా సార్ స్ట్రిక్ట్‌నెస్ సంగతి. నేనూ కొన్నాళ్లు ల్యాబులు చెప్పినవాణ్నే, అందుకని రెండు వైపులా చెబుతాను. అబ్జర్వేషన్‌లో సర్క్యూట్ బొమ్మ, టేబుల్, రావలసిన గ్రాఫు ఆకారం ముందే వేసుకు రమ్మనేది ఊరికే కాదు. ల్యాబ్‌లో దొరికే టైమే తక్కువ. బొమ్మ అక్కడ వేసుకుంటూ కూర్చుంటే కనెక్షన్లు ఇచ్చేసరికి బెల్లు కొడతారు. ‘నాకు చూపించకుండా సప్లై ఆన్ చేయొద్దు’ అనేదానికీ కారణముంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ప్లస్ మైనస్ తిరగేసి పెడితే మొహం మీదే పేలొచ్చు. సిగ్నల్ ఇచ్చే ఫంక్షన్ జనరేటర్ గ్రౌండూ, ఆ సిగ్నల్‌ను తెర మీద చూపించే సీఆర్‌ఓ ప్రోబ్ గ్రౌండు క్లిప్పూ మామూలుగా రెండూ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఆ క్లిప్పు తీసుకెళ్లి సర్క్యూట్ మధ్యలో ఎక్కడో తగిలిస్తే అక్కడ షార్ట్ చేసినట్టే. రీడింగ్స్ మీద అదే రోజు సంతకం పెట్టేది, ఇంటికెళ్లి అంకెలు అల్లకుండా ఉండటానికి.

ఇక రెండో వైపు. రికార్డు చేతిరాత బాగాలేదని మార్కులు కోయడం, మార్జిన్ గీత వంకరగా ఉందని తిప్పి పంపడం నాకెప్పుడూ నచ్చలేదు. సర్క్యూట్ అంతా ముందే బిగించి ఉన్న ట్రైనర్ కిట్‌లో రెండు వైర్లు గుచ్చించి ప్రయోగం అయిపోయిందనే ల్యాబులూ ఉన్నాయి. ముగ్గురు నలుగురి బ్యాచ్‌లో ఒకడే కనెక్షన్లు ఇవ్వడం, మిగతావాళ్లు వాడి రీడింగ్స్ దింపుకోవడం మరీ మామూలు. మీవాడి సార్ అబ్జర్వేషన్ లేదని ఆపుతున్నారంటే, కనీసం ల్యాబ్‌ను ల్యాబ్‌గా నడుపుతున్నారని నాకనిపిస్తోంది. కొన్ని కాలేజీల్లో ఆపేవాళ్లు కూడా ఉండరు.

ఉద్యోగానికి పనికొస్తుందా అన్నారు. చిన్న సిగ్నల్‌ను పెద్దది చేసే కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ ప్రయోగం చెబుతాను. 12 వోల్టుల సప్లై, ఒక బీసీ107 ట్రాన్సిస్టర్, గుప్పెడు రెసిస్టర్లు, రెండు మూడు కెపాసిటర్లు. అన్నీ బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా గుచ్చే చిల్లుల పలక) మీద గుచ్చి ఆన్ చేస్తే సీఆర్‌ఓ తెర మీద అడ్డగీత తప్ప ఏమీ రాదు. మొదటిసారి చాలామందికి ఇంతే. తెలియనివాడు వైర్లన్నీ పీకేసి మళ్లీ మొదటినుంచి కడతాడు. తెలిసినవాడు సిగ్నల్ పక్కన పెట్టి మల్టీమీటర్ తీసి ట్రాన్సిస్టర్ కాళ్లలో ఒకటైన కలెక్టర్ దగ్గర డీసీ వోల్టేజీ చూస్తాడు. 6 వోల్టుల చుట్టుపక్కల ఉంటే బయాసింగ్ (ట్రాన్సిస్టర్‌కు ఇచ్చే డీసీ ఏర్పాటు) బాగానే ఉంది, తప్పు కెపాసిటర్ దగ్గరో ప్రోబ్ దగ్గరో వెతకాలి. మొత్తం 12 చూపిస్తే ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారడం లేదు. కలెక్టరూ ఎమిటరూ దాదాపు ఒకే వోల్టేజీలో ఉంటే శాచురేషన్‌లోకి పోయింది, అంటే పూర్తిగా ఆన్ అయిపోయి సిగ్నల్‌ను పెంచలేదు. రెండూ సున్నాయే చూపిస్తే సప్లై అక్కడిదాకా చేరడం లేదు. చివరికి చూస్తే బ్రెడ్‌బోర్డు పై వరస మధ్యలో తెగి ఉంటుంది. కొన్ని పొడవాటి బోర్డులు అలాగే వస్తాయి. సప్లై ఒక సగానికి ఇచ్చి, సర్క్యూట్ రెండో సగంలో కట్టి ఉంటాడు.

ఈ వెతికే పద్ధతినే కంపెనీలు కొంటాయి. చిప్ వెరిఫికేషన్‌లో (డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో కంప్యూటర్ మీద పరీక్షించే పనిలో) సిమ్యులేషన్ ఫెయిలైతే చేసేదీ ఇదే, సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే చేసేదీ ఇదే. చిప్ కంపెనీల ఇంటర్వ్యూల్లో ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు గీసి ‘స్టెప్ ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ గీయి’ అనడం మామూలే. అది రెండో సంవత్సరం ల్యాబ్ ప్రశ్న. 1,20,000 కట్టి నేర్చుకునే ప్రశ్న కాదు.

వీఎల్‌ఎస్‌ఐ గురించి నా అనుమానాలు దాచుకోను. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్లకు 76,000 కోట్ల పథకం ప్రకటించినప్పటి నుంచి ప్రతి ఇంట్లో చిప్ మాటే. గుజరాత్‌లోని సాణంద్, ధొలేరా, అస్సాంలోని జాగీరోడ్ పేర్లు చూపించి ఇక్కడ కోర్సులు అమ్ముతున్నారు. అవి తయారీ, ప్యాకేజింగ్ ఫ్యాక్టరీలు. ఇక్కడ కోచింగ్‌లో చెప్పేది డిజైన్, వెరిఫికేషన్. ఆ ఫ్యాక్టరీల వార్తకూ ఈ కోర్సు ఫీజుకూ సంబంధం లేదు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చోట్ల డిజైన్ పని చాలానే ఉంది, అది నిజమే. కానీ ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు అలాంటి కంపెనీల చూపు ముందు ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ఎంటెక్ చేసినవాళ్ల మీద పడుతుంది. అనలాగ్ డిజైన్‌లో మరీనూ. మామూలు కాలేజీ పిల్లలు చాలావరకు చిన్న సర్వీసు కంపెనీల ద్వారా లోపలికి వెళతారు, దానికి ఓపిక కావాలి. నియామకాలు ఒక ఏడాది జోరుగా, మరో ఏడాది డీలాగా ఉంటాయి. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పే ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అంటే చాలాచోట్ల మీవాడి రెజ్యూమె నాలుగు కంపెనీలకు మెయిల్ చేయడమే. ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కిస్తామని కాగితం మీద రాసిమ్మనండి, ఎంతమంది ఇస్తారో చూద్దాం.

పోలిక అడిగారు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. ఫుల్‌స్టాక్‌లో ఉద్యోగాలు ఎక్కువ, పోటీ అంతకంటే ఎక్కువ. ఖర్చు తక్కువ, వదిలేసినా పెద్ద నష్టం లేదు. వీఎల్‌ఎస్‌ఐలో ఉద్యోగాలు తక్కువ, లోపలికి వెళ్లడం కష్టం, వెళ్లాక నిలదొక్కుకుంటారు. రెండో సంవత్సరం కుర్రాడికి ఈ రెండింటిలో ఏదీ ఇప్పుడు డబ్బు కట్టి చేయాల్సింది కాదు. చిప్ డిజైన్‌కు వాడే వెరిలాగ్ భాష రుచి చూడాలనుకుంటే ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సర్క్యూట్లు ఇంట్లో ప్రయత్నించడానికి ఎల్‌టీస్పైస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈ సెలవుల్లో రెండూ ముట్టుకుని చూడనివ్వండి. మూడో సంవత్సరం మధ్యలో ఏది లాగుతోందో వాడే చెబుతాడు. కోర్సు కావాలా వద్దా అనేది అప్పుడు మాట్లాడుకుందాం.

ఈలోగా సోమవారం మీవాణ్ని ఆ సార్ దగ్గరికి ఒంటరిగానే పంపండి, మీరు వెంట వెళ్లొద్దు. వచ్చే ప్రయోగం అబ్జర్వేషన్‌లో రాసుకుని వెళ్లి, పోయిన రెండు ప్రయోగాలు రిపీట్ ల్యాబ్‌లో చేసుకోవచ్చా అని అడగమనండి. రాసుకెళ్లినవాణ్ని కాదనే ల్యాబ్ ఇన్‌చార్జి అరుదు. బ్యాచ్‌లో ఇకనుంచి కనెక్షన్లు తనే ఇవ్వాలని కూడా చెప్పండి, ఎన్నిసార్లు అడ్డగీత వచ్చినా సరే. ఈ వారంలో కడితేనే తగ్గింపు అన్న ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు వచ్చే ఏడాది ఫోన్ చేస్తామనండి. తగ్గింపు అప్పుడూ ఉంటుంది.