మొటిమల్లా ఉన్నవన్నీ మొటిమలేనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కాలేజీ రోజుల్లో కూడా మొటిమలు పెద్దగా రాలేదు. బుగ్గల మీద మంగు వచ్చిందని మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన కొన్నాళ్లకే ముఖం తెల్లబడింది, అందరూ బాగుందన్నారు. ఇప్పుడేమో నుదురు, గడ్డం నిండా ఎర్రటి పొక్కులు. క్రీము ఆపితే మంట, మళ్లీ రాస్తే తగ్గుతుంది. సబ్బులు మార్చినా లాభం లేదు.
– ఒక సోదరి, కందుకూరు

జవాబు: సబ్బు సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు వెనక్కి తిప్పి చూడమ్మా. చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరు ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్, అంటే వాపు, ఎరుపు అణచే మందు. మంగుకి డాక్టర్లు కూడా మొమెటసోన్ కలిసిన క్రీము రాస్తారు గానీ, ఇన్ని వారాలే అని గడువు పెట్టి, మధ్యలో చూస్తూ ఇస్తారు. షాపులో ఇచ్చినాయన ఎప్పుడు ఆపాలో చెప్పడు, మనమూ అడగం. ముఖం తెల్లబడితే ఎవరికి మాత్రం ఆపబుద్ధవుతుంది!

మామూలు మొటిమలైతే బ్లాక్‌హెడ్స్ (నల్లటి మొనలు), వైట్‌హెడ్స్ (తెల్లటి మొనలు), చీము పట్టినవి, మానుతున్నవి అన్నీ కలగలిసి ఉంటాయి, నెలల తరబడి వస్తూ పోతూ ఉంటాయి. ఇలాంటి స్టెరాయిడ్ మందుల వల్ల వచ్చేవి అలా కాదు. ఉన్నట్టుండి, ఒకేసారి, అన్నీ ఒకే సైజులో, పోత పోసినట్టు లేస్తాయి, బ్లాక్‌హెడ్స్ దాదాపు కనిపించవు. అద్దం దగ్గర పెట్టుకుని చూస్తే నీకే తెలుస్తుంది. ఆపితే మంట, రాస్తే ఉపశమనం అన్నావు చూడు, నాకు అనుమానం వచ్చింది అక్కడే. చర్మం ఆ మందుకి అలవాటు పడిపోయింది. కొన్ని వారాలు ఎరుపు, మంట తప్పకపోవచ్చు, అందుకే సొంతంగా ఆపి, భయపడి మళ్లీ రాయడం కాకుండా ట్యూబు చేతిలో పట్టుకుని ఒంగోలులోనో నెల్లూరులోనో ప్రభుత్వాసుపత్రి చర్మ విభాగంలో చూపించు. ఎండలోకి వెళ్తే ముఖానికి చున్నీ చుట్టుకో. పక్కింటావిడ చెప్పిన నిమ్మరసం, టూత్‌పేస్టు జోలికి మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాను. ఎండాకాలం వస్తే వీపు, ఛాతీ నిండా చిన్న పొక్కులు, విపరీతమైన దురద. యాంటీబయాటిక్ వాడితే ఇంకా ఎక్కువయ్యాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మొటిమలు మామూలుగా ఇంతగా దురద పెట్టవు తమ్ముడూ. చెమట, జిడ్డు ఉన్నచోట వెంట్రుకల కుదుళ్లలో మలసీజియా అనే ఒకరకం ఫంగస్ పెరిగితే ఇలాగే ఉంటుంది. అది అందరి ఒంటి మీదా ఉండేదే. యాంటీబయాటిక్ దాన్ని చంపదు, పైగా దాన్ని అదుపులో ఉంచే బ్యాక్టీరియాని తగ్గిస్తుంది. నూనె దానికి మేత, ఆ కొబ్బరినూనె ఈరోజే ఆపెయ్. పని దిగగానే స్నానం చేసి తడిసిన బనియన్ మార్చు. ఫంగస్‌ని అణిచే కీటోకొనజోల్ షాంపూ వీపుకి రాసి అయిదు నిమిషాలుంచి కడగడం చాలామందికి పనిచేస్తుంది. దానికీ లొంగకపోతే మాత్రలు కావాలి, అవి డాక్టరే రాయాలి. ఇంకో మాట, టీబీకి మందులు వాడుతుంటే అందులో ఉండే ఐసోనియాజిడ్ వల్ల కూడా ఇలాంటివి వస్తాయి. అప్పుడు పొక్కులు చూసి మాత్రలు మాత్రం మానొద్దు, టీబీ డాక్టరుకి చూపించు.