ఓవర్‌డ్రైవ్ పెట్టిస్తే మైలేజీ వస్తుందా? ముందు కొలవడానికి వెర్నియర్ కాలిపర్ కొనండి

మీరు అడిగింది ఇదీ: పాత డీజిల్ ట్రక్కు, నాలుగు గేర్లు, 80 దాటితే ఇంజిన్ అరుపు భరించలేకపోతున్నాను, గేర్‌బాక్సు మార్చి ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ కన్నా బయటి షాఫ్టుని వేగంగా తిప్పే గేరు) ఉన్నది వేయిస్తే మైలేజీ పెరుగుతుందా అని. నేను ఆ పని చేశాను. మైలేజీ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ ట్రక్కు ఎందుకు అరుస్తోందో చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆ లెక్క వేయకుండానే గేర్‌బాక్సు కొనేస్తున్నారు.

నా ట్రక్కు టైరు ఎత్తు 80 సెంటీమీటర్లు, అంటే ఒక్క చుట్టుకి రెండున్నర మీటర్లు పోతుంది. క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులోని గేర్ల జత) నిష్పత్తి 4.10. టాప్ గేరు నేరుగా, ఒకటికి ఒకటి. 90 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 2,450 చుట్లు తిరుగుతుంది. ఇంజిన్ అంతకు మించి తిరగకుండా గవర్నర్ 2,500కి కట్టేస్తుంది. అంటే 90లో నేను ఇంజిన్ నెత్తిన కూర్చుని నడుపుతున్నట్టే, ఓవర్‌టేక్ చేద్దామంటే తొక్కడానికి ఏమీ మిగలదు. పైగా ఆ నాలుగు గేర్లలో మొదటిది లోడుతో కదలడానికి తప్ప ఎందుకూ పనికిరాదు, కాబట్టి నిజానికి నాకున్నవి మూడు గేర్లే. ఐదో గేరు 0.75 ఉన్న గేర్‌బాక్సు వేస్తే అదే 90కి 1,835 అవుతుంది. కాగితం మీద చూస్తే ఎంత హాయిగా ఉందో!

క్రౌన్ పినియన్ మార్చేస్తే అయిపోతుంది కదా, గేర్‌బాక్సు దించే బాధ ఎందుకు అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 4.10 తీసి 3.07 వేస్తే టాప్‌లో ఇంజిన్ స్పీడు దాదాపు అంతే తగ్గుతుంది, నిజమే. కానీ దానితోపాటు మొదటి గేరు లాగుడు కూడా నాలుగో వంతు పోతుంది. లోడు వేసుకుని ఎత్తులో బండి ఆపి మళ్లీ కదిలించి చూడండి, అప్పుడు తెలుస్తుంది క్లచ్ ప్లేటు వాసన ఎలా ఉంటుందో.

గేర్‌బాక్సు వెనకాల బిగించే విడి ఓవర్‌డ్రైవ్ యూనిట్ ఇంకో దారి. పాత బ్రిటిష్ కార్లలో వచ్చిన లేకాక్ డి నార్మన్‌విల్ తరహాది: లోపల గ్రహాల్లా తిరిగే గేర్లు, మధ్యలో ఉన్న సన్ గేరుని ఆయిల్ ప్రెషర్‌తో కోన్ క్లచ్ ఆపి పట్టుకుంటే బయటి షాఫ్టు వేగంగా తిరుగుతుంది. గేర్ వెండర్స్ యూనిట్ కూడా ఈ కోవలోదే, నిష్పత్తి 0.78. ఇది బాగుంటుంది, ఒక్కో గేరునీ రెండు చేసుకోవచ్చు. కానీ ఆ పాత లేకాక్ యూనిట్లలో ఓవర్‌డ్రైవ్ ఆన్‌లో ఉండగా రివర్స్ వేశారంటే లోపలి వన్ వే క్లచ్ గతి అంతే. రివర్స్ గేరులో కరెంటు తెగిపోయేలా వైరింగ్ చేయించుకోకుండా దాన్ని వాడొద్దు. నాకు మతిమరుపు ఉంది, అందుకే ఆ దారి నేను పట్టలేదు.

నేను పాత సామాను చోట ఐదు గేర్ల గేర్‌బాక్సు తెచ్చాను. అమ్మినాయన ‘సార్, మీ ఇంజిన్‌కి సరిగ్గా కూర్చుంటుంది’ అన్నాడు. ఈ ‘సరిగ్గా కూర్చుంటుంది’ అనే మాట మీద నాకు ఉన్నంత కోపం ఇంకే మాట మీదా లేదు.

తేగానే నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, నా క్లచ్ ప్లేటు తీసుకెళ్లి కొత్త గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టుకి తొడిగి చూడటం. పళ్లు కలిశాయి, సాఫీగా జారింది. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సుని ఇంజిన్‌కి బిగించే గంట ఆకారపు డొప్ప) బోల్టుల రంధ్రాలు కూడా కలిశాయి. ఇంకేం, అన్నీ కలిసినట్టే అనుకున్నాను.

ఆదివారం మా బావ వచ్చాడు. గేర్‌బాక్సు 90 కిలోల దాకా ఉంటుంది, దాన్ని గేర్‌బాక్సు జాకీ మీద పెట్టి ట్రక్కు కిందకి తోశాం. (ట్రక్కు స్టాండ్ల మీద ఉంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరేవాళ్లకి నేనేమీ చెప్పను, దండం పెడతాను.) షాఫ్టు క్లచ్ ప్లేటులోకి వెళ్లింది. ఇంకాస్త వెళ్లింది. ఆగిపోయింది. బెల్ హౌసింగుకీ ఇంజినుకీ మధ్య వేలు పట్టేంత సందు. ఊపాం, తిప్పాం, జాకీ ఎత్తాం, దించాం, టాప్ గేరులో పెట్టి వెనక ఫ్లాంజి తిప్పాం. రెండు గంటలు. వీపు కింద అట్టముక్క చెమటకి తడిసి ముద్దైపోయింది, చేతులు పైకెత్తితే వణుకుతున్నాయి.

అప్పుడు బావ అన్నాడు: “బోల్టులు పెట్టి సమంగా బిగించుకుంటూ పోదాం బామ్మర్దీ, అదే లోపలికి వస్తుంది.”

“వద్దు బావా, ఏదో తగులుతోంది.”

“తగులుతోంది కాదు, బిగుతుగా ఉంది. కొత్త క్లచ్ కదా.”

అలసిపోయి ఉన్నప్పుడు ఇలాంటి మాట ఎంత సబబుగా వినిపిస్తుందో మీకు తెలిసే ఉంటుంది. బిగించాం. సందు కొంచెం తగ్గింది, మొహాలు వెలిగాయి. ఇంకో అరచుట్టు తిప్పాను. ‘టక్’. పెద్ద చప్పుడేమీ కాదు, పెన్సిలు విరిగినట్టు. బెల్ హౌసింగ్ అల్యూమినియం పోత, కింది కుడివైపు చెవి బోల్టుతో సహా నా ఛాతీ మీద పడింది. బావ ఏమీ మాట్లాడలేదు. టీ తాగొస్తానని వెళ్లాడు, ఆ రోజు మళ్లీ రాలేదు.

మర్నాడు ఎప్పుడూ నా ఇంజిన్ పని చేసే పెద్దాయన వచ్చి, వంగి చూసి, నన్ను అడిగిన మొదటి ప్రశ్న: “పైలట్ బేరింగ్ కొలిచావా అబ్బాయ్?” కొలవలేదు. ఇన్‌పుట్ షాఫ్టు మూతి ఇంజిన్ చివర ఉన్న ఆ చిన్న బేరింగులో కూర్చోవాలి. కొత్త గేర్‌బాక్సు మూతి కన్నా నా బేరింగ్ రంధ్రం ఒక మిల్లీమీటరు చిన్నది. ఒక్క మిల్లీమీటరు! పళ్లు కలిశాయి, బోల్టులు కలిశాయి, మూతి దూరలేదు. మేమేమో ఉక్కుని ఉక్కులోకి బోల్టులతో తోశాం, మధ్యలో ఉన్న అల్యూమినియం ఓడిపోయింది. లేతు మీద కంచు బుష్ తీయించి వేశాక గేర్‌బాక్సు చేత్తో నెడితేనే వెళ్లిపోయింది. బెల్ హౌసింగ్ మాత్రం ఇంకోటి వెతకాల్సి వచ్చింది, దానికి నెల పట్టింది.

కొలవాల్సినవి ఇంకా ఉన్నాయి. కొత్త గేర్‌బాక్సు పాతదానికన్నా ఏడు సెంటీమీటర్లు పొడవు, కాబట్టి వెనక ఇరుసుకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు కోయించి మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. వెనక మౌంటింగ్ క్రాస్‌మెంబర్ జరపాలి. అక్కడ ఎత్తు తేడా వస్తే గేర్‌బాక్సు కోణం మారుతుంది, షాఫ్టు రెండు చివర్ల క్రాస్‌ల (వంగే కీళ్ల) కోణాలు సమానంగా లేకపోతే ఒక వేగంలో బండంతా వణుకుతుంది. నాకు 70 దగ్గర వణికేది, మౌంటింగ్ కింద షిమ్ములు (పల్చటి రేకులు) వేస్తే తగ్గింది. స్పీడోమీటరు కేబుల్ దగ్గరి చిన్న గేరు పళ్ల లెక్క వేరు, మూడు వారాలు నా మీటరు అబద్ధాలు చెప్పింది.

ఇక్కడే ఇంకో గోడు. ఆయిల్. ‘గేర్ ఆయిలే కదా’ అని డిఫరెన్షియల్‌లో పోసే జీఎల్-5 ఆయిల్ గేర్‌బాక్సులో పోసేవాళ్లు ఉన్నారు. గేరు మారేటప్పుడు వేగాలు కలిపే సింక్రో రింగులు ఇత్తడివి అయితే అందులోని గంధకం రసాయనాలు వాటికి పడవు, పైగా ఆ ఆయిల్ జారుడు ఎక్కువ, రింగు పట్టాల్సిన పట్టు పట్టదు. తయారుచేసినవాళ్లు జీఎల్-4 అన్నచోట జీఎల్-4 పోయండి. ఐదు అంకె నాలుగు కన్నా పెద్దది కాబట్టి మంచిది అనే వాదన నేను స్వయంగా విన్నాను.

సరే, మైలేజీ. ఖాళీ బండికి నా పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం 100 కిలోమీటర్లకి 14 లీటర్లు తాగేది ఇప్పుడు పన్నెండున్నర తాగుతోంది. లోడు వేస్తే తేడా లేనట్టే, ఎందుకంటే లోడుతో నేను ఐదో గేరు వేయను. కారణం ఉంది: నేరు గేరులో శక్తి తిన్నగా పోతుంది, ఓవర్‌డ్రైవ్‌లో అయితే కింది లే షాఫ్టు గేర్ల గుండా చుట్టి పోవాలి, బరువు లాగుతుంటే ఆయిల్ కాగిపోతుంది. ఇంజిన్ కూడా 1,500 కిందకి జారి, లాగలేక, మీరేమో ఇంకా తొక్కుతూ ఉంటే టర్బో ముందు పొగ వేడి ఎగబాకుతుంది. నేను గేజీ పెట్టించాను, 650 డిగ్రీలు దాటితే కాలు తీసి గేరు దించుతాను. దిగేటప్పుడూ అంతే, ఓవర్‌డ్రైవ్‌లో ఇంజిన్ పట్టు తక్కువ, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి డీజిల్ మిగుల్చుకుందామనే అయితే ఆ డబ్బుతో డీజిలే కొనుక్కోండి, చాలా ఏళ్లు వస్తుంది.

కానీ నేను మళ్లీ అయినా చేయిస్తాను, చెవుల కోసం. మొదటిసారి ఐదో గేరు వేసి 90లో వెళ్తుంటే ఇంజిన్ ఆగిపోయిందేమో అని భయపడి మీటరు చూశాను. తర్వాత ఎడమ తలుపు కిర్రుమనడం వినిపించింది, వెనక అద్దం గడగడలాడటం వినిపించింది, పక్క సీట్లో బావ గురక వినిపించింది. ఇవన్నీ ఇన్నేళ్లూ ఉన్నవేనట.

మీరు టైరు సైజు, క్రౌన్ పినియన్ నిష్పత్తి రాయలేదు. రాస్తే లెక్క వేసి పెడతాను. గేర్‌బాక్సు ఇప్పటికే కొనేసి ఉంటే మాత్రం, షాఫ్టు మూతి కొలిచి ఆ కొలత కూడా రాయండి.