పట్టదా, పట్టించుకోడా?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. బాగుంది. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. తండ్రి ఉదాసీనంగా చూశాడు, ఉదాసీనంగా నవ్వాడు, చివరికి ఉదాసీనంగా తలుపు వేసుకున్నాడు. నీ మనసులో ముందు మెదిలింది ఇంగ్లిషు 'ఇండిఫరెంట్' అయి ఉంటుంది. నిఘంటువులో దాని ఎదురుగా ఉన్న మాట తెచ్చి పెట్టేశావు.

ఆ ఇంగ్లిషు మాట అంత తేలికైనది కాదు. లాటిన్ నుంచి వచ్చింది, మూలార్థం 'తేడా లేని'. మొదట్లో ఇంగ్లిషువాళ్లు దాన్ని నిష్పక్షపాతం అనే అర్థంలో వాడారు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకంలో పాలకులు 'ఇండిఫరెంట్‌లీ' న్యాయం చెయ్యాలని ఉంటుంది. ఎవరి పక్షమూ వహించకుండా అని. ఇవాళ్టి అర్థం పెట్టుకుని చదివితే ఆ ప్రార్థన తలకిందులవుతుంది. మన 'ఉదాసీన' కూడా ఇలాంటి దారిలోనే నడిచింది. భగవద్గీత ఆరో అధ్యాయంలో మిత్రుడు, శత్రువుల వరసలో వచ్చే ఉదాసీనుడు ఏ పక్షమూ చేరనివాడే, మనసు మొద్దుబారినవాడు కాదు.

ఆ ఇంగ్లిషు మాటకు ఇంకో అర్థం ఉంది, అనువాదకులు జారిపడేది అక్కడే. నేనూ పడ్డాను. 'ఇండిఫరెంట్ సింగర్' అని ఉంటే 'ఉదాసీనుడైన గాయకుడు' అని రాశాను, అలాగే అచ్చయింది. అతని పాట అంతంతమాత్రం అని మూలంలో ఉన్న భావం. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సరే, నీ కథలో కావలసింది పట్టనితనం. దీనికి తెలుగులో ఎంత సూక్ష్మమైన తేడా ఉందో చూడు. 'అతనికి పట్టదు' అంటే ఆ సంగతి అతని మనసు దాకా రావడమే లేదు. 'అతను పట్టించుకోడు' అంటే వచ్చింది, అతనే పక్కకు నెట్టాడు. మొదటిదాంట్లో అతని తప్పు పెద్దగా లేదు, రెండోదాంట్లో ఉంది. 'పట్టనట్టు ఉన్నాడు' అన్నావనుకో, లోపల పట్టిందనీ, పైకి దాస్తున్నాడనీ అర్థం. ఇంగ్లిషు ఒక్క మాటలో కలిపేసినవాటిని మన క్రియ మూడుగా విడదీస్తుంది. నీ కథలో తండ్రి ఈ ముగ్గురిలో ఎవరు? అది తేలకుండా ఏ విశేషణం పెట్టినా నిలవదు.

కొడుకు వచ్చి ఉద్యోగం పోయిందని చెప్పినప్పుడు తండ్రి గోళ్లు కత్తిరించుకుంటున్నాడని రాశావు. ఎంత మంచి చోటు! చెప్పగానే కత్తెర ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలితే అతను పట్టనట్టున్నవాడు. అసలు ఆగకపోతే పట్టనివాడు. 'ఊఁ' అని, కాలు కాస్త అవతలికి తిప్పుకుంటే పట్టించుకోనివాడు. కత్తెర సంగతి తేల్చుకున్నావంటే 'ఉదాసీనంగా' అని రాయాల్సిన అవసరమే రాదు. 'నిమ్మకు నీరెత్తినట్టు' లాంటి నుడికారం మీద ఆశ పడకు. మాటల్లో అది సహజంగా వస్తుంది కానీ, ఈ సన్నివేశంలో తండ్రి ముఖాన్ని కప్పేస్తుంది.

మొదటి రెండు చోట్లూ తిరగరాసి పంపు. మూడోచోట కొత్తగా ఏమీ పెట్టకు, ఆ మాట కొట్టేస్తే చాలు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడని ముందు వాక్యంలో నువ్వే రాశావు.

ఆశీస్సులతో,
మీ అక్క