స్టీలు ఫ్రేము ఇంటికి అరవై శాతం అడ్వాన్సా?

ప్రశ్న: సోంపేట, బారువల మధ్య మాకు అయిదు సెంట్ల స్థలం ఉంది. సముద్రం నాలుగు కిలోమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు కట్టాలి. పిల్లర్లు, శ్లాబుతో అయితే మేస్త్రి మెటీరియల్‌తో సహా అడుగు రూ.1,900 అన్నాడు, తొమ్మిది నెలలు పడుతుందట. స్టీలు ఫ్రేము ఇళ్లు కట్టే కంపెనీ రూ.2,050కి నాలుగు నెలల్లో ఇస్తామంటోంది. పన్ను అదనం. పునాది మేమే వేయించుకోవాలి, దానికి రూ.3 లక్షలవుతుంది. ఆర్డరుతో 60 శాతం, సామాను బయల్దేరే ముందు 30 శాతం, తాళాలిచ్చేటప్పుడు 10 శాతం కట్టాలి. చేతిలో రూ.9 లక్షలున్నాయి, రూ.15 లక్షలు లోన్ తీసుకుందామనుకుంటున్నాం. అద్దె రూ.7,000. త్వరగా అయిపోతుందని స్టీలు వైపు మొగ్గుతున్నాం. సరైనదేనా? - ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఇప్పుడున్న షరతులతో వద్దు. బుకింగ్ డబ్బు కూడా కట్టకండి.

రెండు రేట్ల మధ్య తేడా అడుక్కి రూ.150 అనుకుంటున్నారు. లెక్క వేసి చూడండి. వెయ్యి అడుగులకు రూ.20.5 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.3.69 లక్షలు, పునాది రూ.3 లక్షలు. మొత్తం రూ.27.19 లక్షలు. మేస్త్రిది రూ.19 లక్షలు. (ఆయన లెక్కలో పన్ను లేదనుకోకండి, సిమెంటు, ఇనుము ధరల్లోనే కలిసిపోయి ఉంటుంది.) తేడా రూ.8 లక్షలు దాటింది. మీ దగ్గరున్నదీ, లోనూ కలిపినా రూ.24 లక్షలే.

మరి అయిదు నెలలు ముందే ఇంట్లోకి వెళ్తే మిగిలేదెంత? అద్దె రూ.35,000. కట్టే కాలంలో బ్యాంకుకు కట్టే వడ్డీ 8.5 శాతం చొప్పున ఇంకో రూ.20 వేలదాకా తగ్గొచ్చు. త్వరగా అవడం వల్ల వచ్చే లాభం అంతే.

వాయిదాలే అసలు చిక్కు. పన్నుతో కలిపి కంపెనీకి కట్టాల్సిన రూ.24.19 లక్షల్లో 60 శాతమంటే రూ.14.5 లక్షలు. పునాదికి పోగా మీ దగ్గర రూ.6 లక్షలు మిగులుతాయి. గోడ లేవకముందే రూ.8.5 లక్షలు తక్కువ పడతాయి. ఇల్లు కట్టుకునే లోన్‌ని బ్యాంకు ఒక్కసారి ఇవ్వదు. ముందు మీ వాటా ఖర్చు పెట్టించి, తర్వాత ఇంజనీరు స్థలానికొచ్చి ఎంత పనైందో చూశాకే విడతల వారీగా ఇస్తుంది. ఎక్కడో ఫ్యాక్టరీలో తయారవుతున్న చానెళ్లను (ఫ్రేము స్టీలు ముక్కలను) అతను ఎలా చూస్తాడు? చాలామంది ఇక్కడే పర్సనల్ లోన్‌కో, బంగారం తాకట్టుకో వెళ్తారు. ఆ దారి పట్టకండి.

ముందు బ్యాంకుకెళ్లి, ఫ్రేము ఇంటికి లోన్ ఇస్తారా, ఏయే దశలో ఎంత వదులుతారో రాతపూర్వకంగా తీసుకోండి. రూ.30 లక్షల లోపు లోన్ ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు అంటుంది, కానీ ఆ విలువ బ్యాంకు ఇంజనీరు కట్టేదే. కంపెనీ కొటేషన్ కాదు. తర్వాత కంపెనీతో బేరం: డ్రాయింగులకు 10 శాతం, ఫ్రేము సామాను మీ స్థలంలో దిగాక 30, ఫ్రేము నిలబెట్టి పైకప్పు వేశాక 30, గోడల బోర్డులు, వైరింగు అయ్యాక 20, ఒక వానాకాలం గడిచాక 10. అంతకన్నా ఎక్కువ ముందు కావాలంటే ఆ మొత్తానికి బ్యాంకు గ్యారంటీ ఇమ్మనండి. ఇవ్వనంటే ఇంకో కంపెనీని చూసుకోండి.

ఈ షరతులకు ఒప్పుకుని, పన్నుతో, పునాదితో కలిపి రూ.23 లక్షల లోపు వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. అలా చేసేటప్పుడు ఒప్పందంలో ఇవి రాయించండి. మీది ఉప్పుగాలి. ఫ్రేము రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని కాపాడేది పూత ఒక్కటే. జింకు పూత చదరపు మీటరుకు రెండువైపులా కలిపి 275 గ్రాములు, జింకు-అల్యూమినియం అయితే 150 గ్రాములు ఉండాలి. మిల్లు టెస్టు సర్టిఫికెట్ (స్టీలు తయారుచేసిన మిల్లు ఇచ్చే పరీక్షా పత్రం) మీద నంబరూ, వచ్చిన సామాను మీద నంబరూ సరిపోవాలి. స్థలంలో కోసిన అంచులకు జింకు స్ప్రే తప్పనిసరి. తుప్పు ముందు పట్టేది కోసిన చోటే. ఫ్రేములో అన్నిటికన్నా కింద ఉండే చానెల్‌కీ పునాది సిమెంటుకీ మధ్య తేమ ఆపే షీటు వేయించండి. పునాది పైభాగం సమంగా లేకపోతే ఫ్రేము మెలితిరిగి, తలుపులు పట్టేస్తాయి. మీరు వేయించిన పునాది కాబట్టి తప్పు మీదేనంటారు. అందుకే ఫ్రేము ఎక్కించే ముందు లెవెల్ చూసి సంతకం పెట్టేది కంపెనీయే కావాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఏమయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. డిజైను సెకనుకు 50 మీటర్ల గాలికి, అంటే గంటకు 180 కిలోమీటర్లకు, గాలి ఒత్తిడికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం చేసినట్టు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తీసుకోండి. తేలికైన ఇల్లు కాబట్టి గాలి దాన్ని పైకి లేపాలని చూస్తుంది. గోడల చివర్లలో పునాదిలోకి దిగే యాంకర్ బోల్టులు ఎన్ని, ఎక్కడ అన్నది డ్రాయింగులో కనిపించాలి.

గీజరు, అటక, టీవీ ఎక్కడ వేలాడదీస్తారో ఆర్డరు ముందే చెప్పండి. ఆ చోట గోడలో అదనపు చానెల్ పెడతారు. తర్వాత చెబితే బోర్డు విప్పాలి, ఖర్చు మీదే. ఇనుప ఫ్రేముకు ఎర్తింగు, మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) ఉండాలి.

ఇంకొక్కటి, ఇది మీ ఇంట్లో తేల్చుకోవాల్సింది. పిల్లర్ల ఇంట్లో పైకి ఊచలు వదిలేసి, పిల్లల పెళ్లిళ్లయ్యాక మేడ వేయడం మనకు అలవాటు. ఫ్రేము ఇంట్లో పై అంతస్తు బరువును ముందే డిజైనులో పెట్టకపోతే తర్వాత వేయలేరు. మేడ ఆలోచన ఉంటే మేస్త్రితోనే కట్టించుకోండి. రూ.15 లక్షల లోన్‌కు 8.5 శాతంతో 20 ఏళ్లకు నెలకు రూ.13,017 వాయిదా వస్తుంది, చేతిలో ఇంకో రూ.5 లక్షలు మిగులుతాయి. ఆ డబ్బు ఎఫ్‌డీలో ఉంచండి. ఏ ఇల్లయినా గృహప్రవేశం రోజునుంచే భారత్ గృహ రక్షా పాలసీ తీసుకోండి, తుపాను నష్టం అందులో ఉంటుంది. ప్రపోజలు ఫారంలో గోడ, పైకప్పు దేనితో కట్టారో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫ్రేము ఇంటిని ‘శ్లాబు’ అని రాస్తే క్లెయిము దగ్గర చిక్కవుతుంది.