కొత్త బొమ్మ కొనే ముందు: కళాసమితి బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

కావలిలో మీ కళాసమితి దాచిన చిత్రాలూ బొమ్మలూ అన్నీ నీ చేతిలో పెట్టారని విని చాలా సంతోషించాను. ఈ ఏడు కొత్తవి ఏవి కొనమంటావు బాబాయ్ అని అడిగావు. కొనడం తర్వాత చూద్దాం. ముందు ఉన్నవేమిటో కాగితం మీద పెట్టు. రాసిపెట్టని బొమ్మ సమితిది కాదమ్మా, అది ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లది.

గట్టి అట్ట రిజిస్టర్ ఒకటి తీసుకుని పేజీలకు నంబర్లు వెయ్యి. ప్రతి బొమ్మకూ ఒక నంబరు ఇవ్వు. బొమ్మ పోయినా ఆ నంబరు మరొకదానికి ఇవ్వకూడదు. గీసినవారి పేరు, ఊరు, దేనితో దేని మీద గీశారు, ఎత్తు, వెడల్పు, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, అన్నీ రాయి. ఈరోజు ఎలా ఉందో కూడా రాయాలి. ‘బాగుంది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ‘కుడివైపు కింద మూల రూపాయి బిళ్లంత మరక, ఆకాశం దగ్గర రంగు పెచ్చు లేచింది’ అని రాస్తేనే వచ్చే ఏడు పోల్చుకోగలవు. ముందూ వెనకా ఫోటోలు తియ్యి. కాగితం బొమ్మకు వెనక మూలన మెత్తటి పెన్సిలుతో తేలిగ్గా నంబరు వెయ్యి, పెన్నూ స్టిక్కరూ వద్దు. పెద్ద చిత్రకారులు ఉన్నప్పుడే వెళ్లి ఆ బొమ్మ ఎక్కడ, ఎందుకు గీశారో అడిగి రాసుకో. రిజిస్టర్ నకలు ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

మన దగ్గర అసలు శత్రువు తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గోడలు నీళ్లు పీలుస్తాయి, బూజు అప్పుడే పడుతుంది. వాన తగిలే బయటి గోడకు బొమ్మలు పెట్టొద్దు. లోపలి గోడకైనా ఫ్రేము వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. బీరువాను గోడకు ఆనించకు, చెదలు పట్టినా కనపడదు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి నెల్లూరులో ఇళ్లలోకి నీళ్లు రావడం నీకూ తెలుసు. అందుకని ఏ బొమ్మనూ నేల మీద పెట్టకు. కలరా ఉండలు బొమ్మల మధ్య పెట్టొద్దు, వేపాకైనా కాగితాన్ని తాకితే మరకే. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం, ఉండాలి. లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకు. చేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. చిరిగినదానికి సెల్లోటేపు కూడా అంతే, టేపు ఊడిపోయినా జిగురు మరక ఉండిపోతుంది. బాగా పాడైనదాన్ని మీరు ముట్టుకోకండి. పాత కట్టడాలనీ కళలనీ కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్లనో హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియం వాళ్లనో సలహా అడగండి.

మీ దగ్గర తోలుబొమ్మలు కొన్ని ఉన్నాయన్నావు. వాటిని మడవొద్దు, నూనె రాయొద్దు, వంకర తిరిగాయని ఎండలో పెట్టొద్దు. మధ్య మధ్య ఉతికిన నూలు గుడ్డ వేసి, బల్లపరుపుగా పడుకోబెట్టు. బాగా పాతవాటిలో జింక తోలువి ఉండొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి, అలాంటిది ఎవరైనా ఇస్తామంటే తీసుకునే ముందే అటవీ శాఖను అడుగు.

ఇక కొత్తవాటి సంగతి. పెద్దమనుషులు ఇంట్లో అడ్డొచ్చిన బొమ్మలన్నీ తెచ్చి దానమిస్తారు, మొహమాటానికి తీసుకోకు. పెన్న నుంచి గుండ్లకమ్మ దాకా మన మనుషుల, మన పనివాళ్ల కళే మాకు కావాలి అని కమిటీ చేత ఒక కాగితం రాయించుకో. దాన్ని చూపించి కాదనొచ్చు. ఉదయగిరి చెక్క గరిటె పనితనం చూశావా? అదీ మీ బీరువాలో ఉండాల్సిందే, రంగుల బొమ్మలే కళ అనుకోవద్దు. ‘ఎప్పుడూ హాల్లోనే పెట్టాలి’ అనే షరతుతో ఇచ్చేదాన్ని వద్దను. ఏటా కొంత డబ్బు విడిగా తీసిపెట్టి, ఇంకా పేరు రాని కుర్రవాళ్ల దగ్గర కొను. బేరమాడకు, వాళ్లకది బియ్యం డబ్బు.

కొన్నా, దానం పుచ్చుకున్నా సంతకంతో ఉత్తరం తీసుకో. బొమ్మ మీ సొంతమే అయినా కాపీరైట్ గీసినవాళ్లదే, వాళ్ల తర్వాత 60 ఏళ్ల దాకా వాళ్ల వారసులది. క్యాలెండర్‌లో వేసుకోవడానికి, ఫోటోలు నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నామని అందులోనే విడిగా రాయించు. ఎన్నాళ్లకో, ఎక్కడికో కూడా రాయాలి. రాయకపోతే చట్టం ఆ అనుమతిని అయిదేళ్లకు, మన దేశానికి మాత్రమే అనుకుంటుంది.

నాటకాల పాత తెర ఒకటి ఇస్తామన్నారట, దాన్ని మడతపెట్టి తేనివ్వకు. లావు గొట్టానికి గుడ్డ చుట్టి, రంగు ఉన్న వైపు బయటికి వచ్చేలా చుట్టించు. సంక్రాంతి వెళ్లాక నేనే కావలి వస్తాను. ఆలోగా రిజిస్టర్‌లో సగం బొమ్మలైనా ఎక్కించు.

మీ బాబాయి,
నెల్లూరు