ఆర్మేనియన్ చదివితే అన్నం ఎవరు పెడతారు?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఉంటాం. ఇద్దరం సాఫ్ట్‌వేరే. మా పాప ఈ ఏడాది యూనివర్సిటీలో చేరుతోంది. కంప్యూటర్ సైన్స్ వద్దట, హిస్టరీతో పాటు ఆర్మేనియన్ స్టడీస్ చదువుతుందట! ఆ భాష పక్కింటి స్నేహితురాలి బామ్మ దగ్గర నేర్చుకుంది. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మతో మాత్రం ఫోన్‌లో రెండు ముక్కలు తెలుగు మాట్లాడలేదు. రెండు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, పోల్చి చెబుతాను. కానీ మీ ఉత్తరంలో చివర రాసిన అమ్మమ్మ మాటే నాకు ముందు కనబడింది. పాప పస్తులుంటుందేమోనని కాదు మీ టెన్షన్. మన భాష రాని పిల్ల ఇంకొకరి భాషకు సొంత బిడ్డ అయిపోయిందని. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. భాష ఒకసారి కొరియన్, ఒకసారి జపనీస్, బాధ మాత్రం ఇదే.

కాస్త కటువుగా అడుగుతాను, ఏమనుకోకండి. పక్కింటి బామ్మ చేసిందేమిటి? వంటింట్లో కూర్చోబెట్టుకుని తన భాషలో మాట్లాడింది, తప్పు పలికితే నవ్వి సరిచేసింది. మనమేం చేశాం? బళ్ళో వెనకబడుతుందని ఇంట్లోనూ ఇంగ్లిషే మాట్లాడాం. ఇప్పుడు పిల్లను అంటే ఎలా? (ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో వాళ్ళు బామ్మను 'తాతిక్' అంటారు. మీ పాప ఈపాటికి మీకు చెప్పి నవ్వే ఉంటుంది.)

ఆ జనం భాషను ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో కూడా చూడండి. ఒట్టోమన్ టర్కీలో 1915లో ఆర్మేనియన్ల మీద మొదలైన మారణహోమంలో చావు తప్పించుకున్నవాళ్ళు బేరూత్, అలెప్పో, పారిస్, ఫ్రెస్నో ఇలా తలో దిక్కూ చేరారు. వాళ్ళలో ఎక్కువమంది మాట్లాడేది పశ్చిమ ఆర్మేనియన్. దానికి సొంత దేశం లేదు. ఆర్మేనియా ప్రభుత్వం నడిచేది తూర్పు ఆర్మేనియన్‌లో. పశ్చిమ ఆర్మేనియన్‌ను యునెస్కో 2010లో అంతరించే ప్రమాదమున్న భాషల్లో చేర్చింది. రాజ్యం లేని భాష కదా, బతికించే బరువంతా చర్చి, దాని పక్కనున్న బడి, సంఘం ఇచ్చే చందాలే మోశాయి. ఆ పట్టుదలలోంచే యూనివర్సిటీల్లో ఆర్మేనియన్ చదువుకు పీఠాలూ, అంటే ప్రత్యేక ప్రొఫెసర్ పదవులూ వచ్చాయి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో, హార్వర్డ్‌లో 1969 నుంచీ ఉన్నాయి. హార్వర్డ్ పీఠంలో మొదట కూర్చున్న రాబర్ట్ థామ్సన్ ఆర్మేనియన్ కాదు, ఇంగ్లిష్‌వాడు. కాబట్టి 'మన పిల్లను వాళ్ళు రానిస్తారా' అనే భయం వదిలేయండి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. ప్రొఫెసర్ పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. పీహెచ్‌డీ చేసి వాటికోసం ఎదురుచూడటం జూదం లాంటిదే. బడులది వేరే కథ. మీ గ్లెండేల్ ప్రభుత్వ బడుల్లోనే ఆర్మేనియన్, ఇంగ్లిష్ రెండు భాషల్లో పాఠాలు నడుస్తున్నాయి, టీచర్ క్రెడెన్షియల్ (పాఠం చెప్పే లైసెన్సు) ఉంటే దారి ఉంది. కాలిఫోర్నియా కోర్టు దుబాసీలకు సర్టిఫికేషన్ పరీక్ష పెట్టే భాషల్లో తూర్పు ఆర్మేనియన్ ఒకటి. ఆసుపత్రులు, లైబ్రరీలు, ఆర్కైవులు సరేసరి. ఒక్కటి మాత్రం పాప ముందే తేల్చుకోవాలి: తూర్పా, పశ్చిమమా? ఒకే పేరును తూర్పువాళ్ళు పెత్రోస్ అంటారు, పశ్చిమంవాళ్ళు బెద్రోస్ అంటారు. రాత కూడా పూర్తిగా ఒకటి కాదు. సోవియట్ కాలంలో ఆర్మేనియాలో స్పెల్లింగు మార్చారు, బయటి దేశాల్లో స్థిరపడ్డవాళ్ళలో చాలామంది పాతదే ఉంచుకున్నారు. పక్కింటి తాతిక్ నేర్పింది ఏదో పాపనే అడగండి. తూర్పు భాష అయితే కోర్టుకు అది చాలు. బేరూత్ వైపు చరిత్ర చదవాలంటే పశ్చిమ భాషా కావాలి.

ఇక కంప్యూటర్ సైన్స్. ఆ సీటు వస్తే జీవితం సెటిల్ అనే మాట నేనూ చాలా ఏళ్ళు చెప్పాను. ఇప్పుడు చెప్పడానికి నోరు రావడం లేదు. 2022 చివర్లో మొదలైన లేఆఫ్‌లు మీ ఆఫీసుల్లో మీరే చూశారు. కోడ్‌లో చిన్న చిన్న పనులు యంత్రమే చేస్తోంది, కొత్తగా చేరేవాళ్ళు నేర్చుకునేది ఆ చిన్న పనుల మీదే. ఇష్టం ఉన్నవాళ్ళు ఎలాగో నెగ్గుకొస్తారు. ఇష్టం లేకుండా, అమ్మానాన్నల కోసం చేరినవాళ్ళే రెండో ఏడు నాకు ఫోన్ చేసి ఏడుస్తారు. వద్దన్న పిల్లను అందులోకి నెట్టకండి. హిస్టరీ మేజర్, ఆర్మేనియన్ మైనర్, పక్కన రెండు మూడు డేటా కోర్సులు. నా సలహా ఇదే. పోలిక అడిగారు, అది ఇంతకంటే సాగదీయను.

ఇంకో సంగతి. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అచ్చయింది యెరెవాన్‌లో కాదు, మన మద్రాసులో. పేరు అజ్దరార్, 1794. మచిలీపట్నంలోనూ ఆర్మేనియన్ వర్తకులు ఉండేవారు. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ళ పాత సమాధులు ఇంకా ఉన్నాయి. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు పాపను అక్కడికి తీసుకెళ్ళండి, వెంట మీ అమ్మగారినీ తీసుకెళ్ళండి. రాళ్ళ మీది అక్షరాలు మీకూ రావు, ఆవిడకూ రావు. ఏం రాసి ఉందో పాపే కూడబలుక్కుని అమ్మమ్మకు తెలుగులో చెప్పాలి. ఎంత ఆలస్యమైనా మధ్యలో మీరు ఇంగ్లిష్ మాట అందించకండి.